చేతికిస్తేనే

ఫిబ్రవరి 3

ఇవాళ్టి ఉదయాన్ని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. ఏమీ జరగలేదు కాబట్టే రాయాలి.

అయిదింటికి లేచాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. వీధిలో పాల వ్యాను ఆగింది, పైన ట్యాంకులోకి నీళ్ళు ఎక్కుతున్నాయి. అయ్యాక కాఫీ పెట్టాను. అమ్మకు చక్కెర లేకుండా, తమ్ముడికి రెండు చెంచాలు వేసి, మరదలికి సగం కప్పు. నాది కప్పులో పోసి పొయ్యి గట్టు మీద పెట్టాను.

"పెద్దదానా, నా పళ్ళెక్కడ పెట్టావే?" అని అమ్మ గదిలోంచి కేక. పళ్ళసెట్టు అమ్మే దాస్తుంది. తలగడ సంచిలో దొరికింది. కడిగి ఇచ్చాను. మాత్రలు వేశాను. తమ్ముడు తల తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, నా కళ్ళజోడు చూశావా?" అన్నాడు. ఊళ్ళో సగం మందికి కళ్ళజోళ్ళు అమర్చిన మనిషి. ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన ఉంది. తీసిస్తే, తడి తువ్వాలు నా చేతిలో పెట్టి దాన్ని అందుకున్నాడు. మరదలు ఒక చేత్తో ఇస్త్రీ పెట్టె, ఒక చేత్తో ఫోను. ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూనే, ఇస్త్రీ పెట్టె దించి, "వదినా, ఇదిగో" అని ఊడిన గుండీ ఒకటి నా అరచేతిలో పెట్టింది.

బల్ల మీద రొట్టె, ఆమ్లెట్లు సర్దాను. అందరికీ వడ్డించాను. కూర్చున్నాను. ఖాళీ పళ్ళెం ముందు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

తమ్ముడు నా ఎదురుగా కూర్చుని, ఆమ్లెట్‌లో ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు డబ్బా అందించాను. మరదలు సగం రొట్టె చేత్తో పట్టుకుని బస్సుకు పరుగెత్తింది. అమ్మ తినడం ముగించి, "ఇవాళేంటే అంత తీరిగ్గా కూర్చున్నావ్?" అంది. తమ్ముడు వెళ్ళిపోయాడు. నా కాఫీ మీద మీగడ కట్టింది. పారబోశాను.

ఈ ఉదయం నా చేతికి వచ్చినవి తడి తువ్వాలు, గుండీ, ఎంగిలి కప్పులు.

అన్నింట్లోకీ తేలికైన నియమం ఎంచుకున్నాననుకున్నాను.

ఫిబ్రవరి 4

మేడమ్ చెప్పిన షరతులు మరిచిపోకముందే రాసుకుంటాను. వ్యాసానికి కావాలి.

ఆసియా మతాల విభాగం, రెండో ఏడు, ఆచరణ పాఠం. పాత భిక్షువుల నియమాల్లోంచి తలా ఒకటి తీసుకుని రెండు వారాలు పాటించాలి. తర్వాత జరిగింది జరిగినట్టు రాసి తరగతిలో అందరి ముందూ చదవాలి. పాటిస్తున్నట్టు ఇంట్లో వాళ్ళకు చెప్పకూడదు. "చెబితే వాళ్ళూ నటిస్తారు, మీరూ నటిస్తారు. నాటకం కావాలంటే పక్క విభాగం ఉంది" అన్నారు మేడమ్.

ఆవిడకు మోచేతుల దాకా సుద్ద. పిల్లలు చాక్‌పీసు అంటారు. నా చెల్లి కంటే పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. మొదటి రోజు నేను ఆవిడను తోటి విద్యార్థిని అనుకుని బెంచీ మీద జరిగి చోటిచ్చాను. ఆవిడ నన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

వెనక బెంచీ వాళ్ళలో ఒకరు ఎత్తు పరుపు మీద పడుకోని నియమం తీసుకున్నారు. ఒకరు మధ్యాహ్నం దాటాక తినని నియమం. నాది ఇది: నోట్లో పెట్టుకునేది ఏదైనా ఎవరో ఒకరు చేతికివ్వాలి. ఇవ్వనిది తీసుకోకూడదు. అడగకూడదు కూడా. మంచినీళ్ళకూ పళ్ళు తోముకునే పుల్లకూ మినహాయింపు ఉంది. కాఫీకి ఉందా అని అడిగాను. లేదు.

కుటుంబంలో ఉన్న మనిషికి ఇదీ ఒక నియమమేనా అనుకున్నాను.

ఇంట్లో చెప్పకూడదన్న షరతుతో నాకు ఇబ్బంది లేదు. నేను చదువుతున్న సంగతే వాళ్ళకు తెలియదు.

దాచలేదు. ఏడాదిన్నర క్రితం మొదటి రోజు సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే తమ్ముడు, "ప్రార్థనకా అక్కా?" అన్నాడు. నేను చెప్పులు వేసుకుంటున్నాను. చెప్పులు వేసుకునేటప్పుడు నేను మాట్లాడను. వాడే అనుకున్నాడు. అప్పట్నుంచీ వారానికి మూడు ఉదయాలు నేను ప్రార్థనకు వెళ్తున్నట్టే. నేను అబద్ధమాడలేదు.

చెబితే ఏమవుతుందో తెలుసు. ఈత నేర్చుకుంటానని నోరు జారిన ఏడాది తమ్ముడు నీళ్ళ కళ్ళజోడు తెచ్చాడు, చెల్లి టైంటేబులు గీసింది, మరదలు టోపీ కొంది, అమ్మ జలుబుకు మందు తెప్పించింది. ఈతకు అందరూ సిద్ధమయ్యారు. నేను కొలను ముఖం చూడలేదు.

ఫిబ్రవరి 5

అమ్మ సగం బిస్కెట్టు ఇచ్చింది. "ఇది మెత్తబడి చచ్చింది, నువ్వు తినెయ్యవే."

రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. అమ్మ వింతగా చూసింది.

ఫిబ్రవరి 6

నియమంలో సందు దొరికింది. యూనివర్సిటీ క్యాంటీన్‌లో అతను కౌంటరు మీంచి పళ్ళెం చేతికే ఇస్తాడు.

అయినా అనుమానం తీర్చుకోవాలి కదా. మా తరగతిలో నిజం భిక్షువు ఒకాయన ఉన్నారు. నలభై ఏళ్ళుంటాయి. కాషాయం కట్టుకుని, సంచిలో గొడుగు పెట్టుకుని, ముందు బెంచీలో కూర్చుంటారు. భంతే అని పిలవాలట. మంత్రాలన్నీ నోటికొస్తాయి, పరీక్షలు మాత్రం కొరుకుడు పడవు. ఏ గ్రంథం ఏ శతాబ్దమో గుర్తుండదు. "మాకు అన్నీ నిన్న జరిగినట్టే ఉంటాయి అక్కగారూ" అంటారు. అందుకే బస్‌స్టాపులో నా నోట్సు తీసుకుని శతాబ్దాలు వల్లె వేస్తారు.

"చేతికే ఇచ్చాడా?" అన్నారు.

"చేతికే."

"మీరు అడిగారా?"

"టోకెను చూపించాను."

"చూపించడం అడగడం కాదు. చెల్లుతుంది. ఆ కేకు ముక్క వైపు కూడా చూడండి అక్కగారూ. చూడొచ్చు."

చూశాను. ఇవ్వలేదు.

ఫిబ్రవరి 7

తరగతి అయ్యాక మేడమ్ నన్ను ఆపారు.

కొండ మీద పాత మఠం ఒకటి ఉంది. అందులో గ్రంథాలయం. తాటాకు ప్రతులు, ఇంకా ఎవరూ అచ్చు వేయనివి. మా విభాగం నుంచి ఏటా నలుగురిని ఏప్రిల్‌లో నెలన్నర పాటు అక్కడ ఉంచి చదివిస్తారు. అది లేకుండా డిగ్రీ చేతికి రాదు. ఈ నెల ఇరవైలోగా పేరు ఖాయం చేయాలి. "మొదటి పేరు మీదే రాశాను. కాదంటే చెప్పండి, వెనకాల ఇద్దరు కాచుక్కూర్చున్నారు" అన్నారు.

ఆ లిపి నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అక్షరాలన్నీ గుండ్రంగా, ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉంటాయి. అచ్చు పుస్తకంలో కాదు, ఆకు మీద, ఎవరో గంటంతో గీసిన ఒక్క పంక్తి నా కళ్ళతో చదవాలి. ఇంకేమీ అక్కర్లేదు.

నెలన్నర. అమ్మ తుంటి విరిగాక నేను ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు.

వెళ్తానన్నాను. ఎలాగో తెలియదు.

ఫిబ్రవరి 8

బిస్కెట్టు. అదే అమ్మ.

ఫిబ్రవరి 9

ఆదివారం. చెల్లి భోజనానికి వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. తలుపు తీసిన దగ్గర్నుంచి అందరూ వరసలో నిలబడినట్టుంటారు.

నేను వడ్డించి కూర్చున్నాను. రెండో ముద్ద దగ్గర చెల్లి చూసింది.

"అక్కా, నీ కంచం ఖాళీగా ఉందేం? ఉపవాసమా?"

నేను నవ్వాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వదిన మాతో తిని చాలా రోజులైంది" అంది మరదలు. "నేనే అనుకున్నా, చెబుదామని."

"నువ్వనుకున్నావా? నేను సోమవారమే గమనించాను" అన్నాడు తమ్ముడు.

"గమనించి?"

"తర్వాత తింటుందనుకున్నాను."

"అక్క నీరసించిపోతుంటే తర్వాత తింటుందనుకున్నావా? కళ్ళ డాక్టరు పక్కన షాపు పెట్టుకుని కళ్ళు లేవురా నీకు!"

"నువ్వొచ్చి చూసుకోవచ్చుగా, రోజూ?"

ముగ్గురూ గరిటెలు చేతిలో పట్టుకునే వాదించుకున్నారు. ఒక్క గరిటె కూడా నా వైపు తిరగలేదు. అమ్మ మాత్రం తన కంచంలోంచి ముక్క తీసి నా చేతిలో పెట్టి, "నాకు నమలడం కావట్లేదే" అంది.

తర్వాత చెల్లి నా తల వైపు పట్టి చూసింది. "జుట్టెందుకు కత్తిరించుకున్నావ్?"

కిందటి నెల ఊడిపోతుంటే కత్తిరించుకున్నాను. చెప్పేలోపు తను, తమ్ముడు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. నేను కంచాలు తీశాను.

ఫిబ్రవరి 10

ఇవాళ పాఠం బాగుంది. పాత గ్రంథాల్లో ఎవరైనా గురువును రేపు మా ఇంటికి భోజనానికి రండి అని పిలిస్తే ఆయన అవుననరు, కాదనరు. మౌనంగా ఉంటారు. పిలిచినవాడు ఒప్పుకున్నట్టు తెలుసుకుని, నమస్కరించి వెళ్ళిపోతాడు. మాటకు మాట, ప్రతిసారీ ఇంతే.

మన వాళ్ళు మౌనం అర్ధాంగీకారం అంటారు. అక్కడ పూర్తి అంగీకారం. మిగతా సగం ఎక్కడ పోయిందో అడుగుదామనుకున్నాను. అడగలేదు.

ఫిబ్రవరి 11

సాయంత్రం తమ్ముడు షాపు నుంచి పెందలాడే వచ్చాడు. నేను గుండీ కుడుతున్నాను, మరదలు ఇచ్చిందే. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పెళ్ళయ్యాక వాడు నేల మీద కూర్చోవడం ఇదే చూడటం.

"అక్కా, మా షాపుకొచ్చే ఒకావిడ చెప్పింది. నువ్వు బస్‌స్టాపులో ఎవరో కాషాయం కట్టినాయనతో కూర్చున్నావట. ఆయన ఏదో వల్లిస్తుంటే నువ్వు తప్పులు దిద్దుతున్నావట."

సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

"తిండి మానేశావు. జుట్టు తీసేశావు. తెల్లారితే ఎక్కడికో వెళ్తావు. సన్యాసం తీసుకుంటున్నావా అక్కా?"

సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాట్లాడితే చెయ్యి వణుకుతుంది. ఎప్పుడూ అంతే.

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్ళి, కడిగిన ఆపిలు పండు ఒకటి తెచ్చి, రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు.

నాకు యాభై దాటాక తమ్ముడు మొదటిసారి పెట్టిన తిండి. దాని రుచి గురించి వ్యాసంలో రాయను.

వాడే అనుకున్నాడు.

ఫిబ్రవరి 12

మరదలు పొద్దున్నే కాఫీ పెట్టి, నా ప్రార్థన అయ్యే దాకా తలుపు దగ్గర నిలబడి, చేతికిచ్చింది. చక్కెర బదులు ఉప్పు పడింది. తాగాను. తమ్ముడు తన కప్పు తనే కడిగి, తీసుకొచ్చి నాకు చూపించాడు.

మధ్యాహ్నం చెల్లి స్కూలు నుంచి ప్యూనుతో దుప్పటి పంపింది. ఫోను చేసి, "కాషాయం దొరకలేదక్కా. నారింజ రంగుంది, సర్దుకో" అంది.

ఫిబ్రవరి 13

బరువు పెరిగాను. బత్తాయిలు, కేకు, బాదం పప్పులు, మళ్ళీ కేకు. చేతులు ఖాళీగా కనిపిస్తే చాలు, ఏదో ఒకటి పెడుతున్నారు. నియమం ప్రకారం ఇచ్చింది తీసుకోవాలి. అన్యాయం ఏమీ లేదు.

సాయంత్రం చెల్లి వచ్చింది. అమ్మకు ఏ మాత్ర ఎప్పుడో మరదలికి నేర్పించమంది. పొద్దున తెల్లవి, రాత్రి గులాబీ రంగువి. మరదలు ఫోనులో ఎక్కించుకుంది. తమ్ముడికి నిన్న ఆమ్లెట్ వచ్చింది. ఇవాళ అది చూపిద్దామని మళ్ళీ వేస్తే రాలేదు. చెల్లి బల్ల కొట్టి, "అక్క వెళ్ళాక ఈ ఇల్లు ఆగకూడదు" అంది. తర్వాత గొంతు తగ్గించి నా పక్కకొచ్చింది.

"నిజమేనా అక్కా? నాకన్నా చెప్పు."

అమ్మ కాళ్ళకు నూనె రాస్తున్నాను. నూనె చేత్తో మాట్లాడితే... ఇది కొంచెం బలహీనంగా ఉంది. అయినా మాట్లాడలేదు.

చెల్లి ముక్కు తుడుచుకుని, "నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే. మమ్మల్ని పెంచడానికే పుట్టావనుకున్నాం" అంది.

ఒకటి రాసుకోవాలి. ఈ ఏర్పాట్లన్నీ నెలన్నరకు సరిపోతాయి. ఏమీ చెప్పకుండా కొండకు వెళ్ళి, చదువుకుని, ఏమీ చెప్పకుండా తిరిగి రావచ్చు. ఎవరికీ నష్టం లేదు. వాళ్ళే పుణ్యం అనుకుంటున్నారు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

ఒక్కటి కూడా.

ఫిబ్రవరి 14

తరగతిలో మూలం చదివి తెలుగులో చెప్పడం ఇవాళ నా వంతు.

భిక్షువులు పదిహేను రోజులకోసారి ఒకచోట చేరి తమ నియమాలన్నీ పైకి చదువుతారు. చదివే ఆయన ఒక్కో చోట ఆగి, మీరు ఇందులో పరిశుద్ధులేనా అని అడుగుతాడు. రెండోసారి అడుగుతాడు. మూడోసారి అడుగుతాడు. తప్పు చేయనివాడు మౌనంగా ఉండాలి. అక్కడి దాకా గడగడా చెప్పేశాను.

తర్వాతి వాక్యం. మూడోసారి అడిగేదాకా, తప్పు గుర్తుండి కూడా, మౌనంగా ఉన్నవాడు తెలిసి అబద్ధమాడినవాడే.

మేడమ్, "ఆగారేం? అర్థం కాలేదా?" అన్నారు.

"అయింది."

బస్‌స్టాపులో భంతేను అడిగాను. మొన్నటి పాఠంలో మౌనం అంగీకారమన్నారు కదా, ఇవాళ అబద్ధమంటున్నారేంటి అని.

"అది భోజనానికి పిలిచినప్పుడు అక్కగారూ" అన్నారు. "మీరు ఇంకెక్కడైనా వాడారా?"

చెప్పాను. చెప్పులు, సూది, నూనె, అన్నీ. ఆయన ముఖం కాషాయంలో దాచుకుని నవ్వారు. బస్సు ఒకటి వెళ్ళిపోయింది.

"ఎన్నిసార్లు అడిగారు?"

"తమ్ముడు ఒకసారి. చెల్లి ఒకసారి."

"మూడోది?"

"అమ్మ మిగిలింది."

"అయితే ఇంకా టైముంది. ఈ లోపల కేకు ఇస్తే తీసుకోండి" అని, నా నోట్సు తెరిచి శతాబ్దాల్లో పడ్డారు.

ఫిబ్రవరి 15

ప్రార్థన కుదరలేదు. కూర్చున్నాను. లేచాను.

మళ్ళీ కూర్చున్నాను.

నిజం చెబితే ఏర్పాట్లన్నీ పోతాయి. ఏర్పాట్లు పోతే కొండ పోతుంది. ఇరవై దగ్గరికొచ్చింది. ఇంతకంటే ప్రార్థనలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. అది కూడా దేవుడికి తెలిసిందే.

మరదలు కాఫీలో ఉప్పు లేదు. నేర్చుకుంటోంది.

ఫిబ్రవరి 16

నియమం ఇవాళ్టితో అయిపోయింది. జరిగింది రాసుకుంటాను.

సాయంత్రం చెల్లి అందర్నీ ముందు గదిలో కూర్చోబెట్టింది. నన్ను మధ్యలో. అమ్మ తన చక్రాల కుర్చీలో, పళ్ళసెట్టు పెట్టుకుని. ముఖ్యమైన సంగతులకే పెట్టుకుంటుంది.

"అక్క నిర్ణయాన్ని మనం గౌరవించాలి" అని చెల్లి మొదలుపెట్టింది. "మా స్కూల్లో ప్రార్థన బెల్లు కొట్టాక మైకులో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పిన్ని ఫోనులో ఏడ్చింది. మావయ్య దర్శనానికి వస్తానన్నాడు."

"షాపులో కూడా అంతే" అన్నాడు తమ్ముడు. "ఒకాయన చత్వారానికి అద్దాలు మార్చుకుని, అక్కగారి ఆశీర్వాదం కూడా ఇప్పిస్తారా అన్నాడు."

"దేవుడి పనికి అడ్డుపడకూడదు" అంది మరదలు. "వంట ఆయన, మాత్రలు నేను. సాయంత్రాలు వదిన... అంటే చిన్న వదిన, అత్తయ్య దగ్గర. జీవితాంతం ఇలాగే నడుపుకుంటాం."

అమ్మ చేయి ఎత్తింది.

"అందరూ వాగుతున్నారు. దాన్నెవరైనా అడిగారా? పెద్దదానా, ఇటు చూడు. సన్యాసుల్లో కలుస్తున్నావా?"

చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. సూది లేదు. నూనె లేదు. చేతుల్లో ఏమీ లేదు.

"లేదమ్మా. చదువుకుంటున్నాను."

"ఏం చదువు?" అన్నాడు తమ్ముడు.

"ఎమ్మే."

"ఎక్కడ?"

"యూనివర్సిటీలో. ఆసియా మతాలు. ఏడాదిన్నరైంది."

"మరి ప్రార్థన?"

"అది ఎప్పుడూ ఇంట్లోనే చేసుకున్నాను."

"ఆ కాషాయం ఆయన?"

"నా క్లాస్‌మేటు. పరీక్షకు చదివిస్తున్నాను."

"మరి తిండి మానడం?" అంది చెల్లి.

"హోంవర్కు."

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు హోంవర్కు ఇస్తున్న మనిషి. ఆ మాట విని సోఫాలో వెనక్కి వాలిపోయింది.

అంతా ఒక్కసారే చెప్పేశాను. నియమం ఏమిటో, చెప్పకూడదన్న షరతు, కొండ, తాటాకులు, నెలన్నర, ఇరవయ్యో తారీకు. మొదట తమ్ముడు, "అమ్మయ్య, సన్యాసం కాదు" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. కొంచెం సేపే.

"నెలన్నరా? అమ్మనెవరు చూస్తారు? వంటెవరు చేస్తారు?"

"ఇందాక జీవితాంతానికి చేశారు కదరా ఏర్పాట్లు."

"అది సన్యాసం అక్కా! సన్యాసమంటే ఎవరం మాత్రం ఏం చేస్తాం? చదువంటే ఏముంది, వచ్చే ఏడాది చూసుకోవచ్చు."

"ఈ వయసులో డిగ్రీ ఏం చేసుకుంటావక్కా?" అంది చెల్లి. "ఉద్యోగానికి పోతావా? అసలు ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఈతలాగే అవుతుందని."

తమ్ముడు నెమ్మదిగా, "ఆ నీళ్ళ కళ్ళజోడు ఇంకా షాపులోనే ఉంది" అన్నాడు.

"దేవుడు అడిగితే నన్ను మొత్తం ఇచ్చేశారు" అన్నాను. "నేను అడిగింది నెలన్నర."

ఇంత గట్టి మాట నేను ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదు. అని, అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను. చెల్లి వచ్చే ఏడాది సంగతి మళ్ళీ ఎత్తింది. తమ్ముడు తల ఊపుతున్నాడు. కొండ వెళ్ళిపోయిందనుకున్నాను.

మరదలు మెల్లిగా అడిగింది. "వదినా, హోంవర్కు అన్నారు కదా. అది రాసి ఇవ్వాలా?"

"రాయాలి. తరగతిలో పైకి చదవాలి."

"అంటే... మొదటి వారం కూడా రాస్తారా?"

"జరిగింది జరిగినట్టు రాయమన్నారు."

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మొదటి వారం వాళ్ళ కళ్ళ ముందు నడిచింది. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, ఆపిలు పండు రాశావా?"

"రాస్తాను. తొమ్మిదో రోజున."

"ఉప్పు డబ్బా అడిగింది రాయకు."

"అది మొదటి రోజునే ఉందిరా."

"ఎంతమంది వింటారు?" అంది చెల్లి.

"తరగతి మొత్తం. మా మేడమ్‌కు నచ్చితే విభాగం పత్రికలో వేస్తారు."

"పత్రికలోనా! మా స్కూలు లైబ్రరీకి యూనివర్సిటీ పత్రికలన్నీ వస్తాయి!" చెల్లి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "చివర ఏం రాస్తావు?"

"చివర ఇంకా జరగలేదు కదా" అన్నాను. "ఈ సాయంత్రం మీరేం అంటే అదే."

బెదిరించాలని అనలేదు. ఉన్న మాట అన్నాను. అమ్మ మాత్రం పళ్ళసెట్టు కదిలేట్టు నవ్వింది. ఎంతకీ ఆపదు. మరదలు వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి తాగించింది.

తమ్ముడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెల చప్పుడైంది. పళ్ళెంలో అన్నం, పక్కన మాడిన ఆమ్లెట్ పెట్టుకుని వచ్చి నా ముందు వంగాడు. "మొదటి రోజే పెట్టాల్సిందక్కా" అన్నాడు. తీసుకున్నాను. అందరూ నేను తినడం చూస్తూ కూర్చున్నారు. తినడం అంత కష్టమని నాకు తెలియదు.

తిన్నాక మాట్లాడుకున్నారు. చాలాసేపు, ఒకళ్ళ మాటకు ఒకళ్ళు అడ్డొస్తూ. తేల్చినవి ఇవి.

నేను ఏప్రిల్‌లో కొండకు వెళ్తాను. రేపే మేడమ్‌కు ఖాయం అని చెప్పాలి. తమ్ముడు షాపు గంట ఆలస్యంగా తెరిచి పొద్దుటి వంట చేస్తాడు. ఆమ్లెట్ తప్ప ఇంకొకటి కూడా నేర్చుకుంటాడు. మాత్రలు మరదలివి. సాయంత్రాలు చెల్లి అమ్మ దగ్గర కూర్చుంటుంది, కానీ టైంటేబులు గీయకూడదు. ఇది అమ్మ పెట్టిన షరతు. నేను కొండ మీంచి ఫోను చేస్తే ఏ వస్తువు ఎక్కడుందని ఎవరూ అడగకూడదు. ఇది నాది.

చుట్టాల సంగతి దగ్గర ఆగిపోయింది. మైకులో చెప్పి, పిల్లలతో చప్పట్లు కొట్టించుకుని, ఇప్పుడు సన్యాసం కాదు ఎమ్మే అంటే తను స్కూల్లో తలెత్తుకోలేనంది చెల్లి. పిన్నికి మళ్ళీ ఫోను చేసే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి బయటి వాళ్ళకు సన్యాసమే.

"నేను ఎవరితోనూ అబద్ధమాడను" అన్నాను.

"నువ్వెందుకాడతావక్కా? మేం లేమూ?" అన్నాడు తమ్ముడు.

నెలన్నర తర్వాత నేను తిరిగొచ్చి వీధిలో కనిపిస్తే ఏం చెప్పాలో వాళ్ళకు తోచలేదు. అది అమ్మ తేల్చింది.

"సన్యాసంలో తప్పిందని చెప్పండి. చదువులో తప్పితే మాత్రం గడప తొక్కనివ్వను."

అందరూ ఒప్పుకున్నారు.